ఇన్సాఫ్ కుడిచేయి

అక్టోబరు మొదటివారంలో ఊరు కదలకూడదని చైనాలోని యిన్‌చువాన్‌లో పసిపిల్లలకి కూడా తెలుసు. జాతీయ దినోత్సవం పేరు చెప్పి దేశం మొత్తానికి ఒకేసారి ఏడు రోజులు సెలవిస్తారు. దేశం మొత్తం ఒకేసారి చెప్పులు తొడుక్కుని బయటపడుతుంది. ఆ వారం రైల్లో కాలు మోపే చోటు దొరికితే అదే పదివేలు.

ఈ సంగతి సిద్దీగ్‌కి తెలియక కాదు. సూడాన్ నుంచి వచ్చి, అక్కడి యూనివర్సిటీలో అరబిక్ పాఠాలు చెప్పుకుంటూ ఆరేళ్ళుగా ఆ ఊళ్ళో కాపురముంటున్నవాడు. అయినా ఆ ఏడు షియాన్ వెళ్ళి రావడానికి ముందుగానే టికెట్లు తీసుకున్నాడు. రెండు రాత్రులు ఉండి తిరిగొచ్చేయడం. తోటి పంతుళ్ళు నవ్వారు.

"సెలవుల్లో షియాన్ వెళ్తే మనుషుల వీపులు తప్ప ఇంకేం కనపడవు గురువుగారూ."

"వీపులే చూసొస్తాం," అన్నాడు సిద్దీగ్.

అసలు కారణం ఇంట్లో ఉంది. సూడాన్‌లో యుద్ధం మొదలైన దగ్గర్నుంచి అతని భార్య ఇన్సాఫ్ ఫోను కింద పెట్టడం మానేసింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఖార్తూమ్‌లో చిక్కుపడ్డ అన్న, ఒమ్‌దుర్మాన్‌లో ఉన్న పిన్ని, కైరో దారి పట్టిన చెల్లెలు, ముగ్గురి మెసేజులూ చూసేది. చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తన పిల్లల్ని లెక్కపెట్టుకునేది. ఉన్నది ఇద్దరే. పదేళ్ళ వియాం, రెండేళ్ళ రీమ్. ఇద్దరికి లెక్కెందుకని సిద్దీగ్ అడిగితే, "ఇద్దరే కాబట్టి," అనేది.

చిన్నది సరే, చంకలో ఉంటుంది. బాధంతా పెద్దదానితోనే. వియాం నాలుగేళ్ళప్పుడు ఆ దేశం వచ్చింది. చైనా భాష అక్కడి పిల్లల కంటే గడగడా మాట్లాడుతుంది. తండ్రి ఇంట్లో లేనప్పుడు గ్యాసు మీటరు చూసేవాడొచ్చినా, స్కూలు నుంచి కాగితం వచ్చినా ఆ పిల్లే చదివి చెప్పాలి. అంతటి పిల్లని ఇన్సాఫ్ సందు చివర కొట్టుకి ఒంటరిగా పంపదు.

"అమ్మా, నా క్లాసులో అందరూ బస్సులో ఒక్కళ్ళే వస్తారు," అనేది వియాం.

"వాళ్ళకి అమ్మలు లేరేమో."

"ఉన్నారు. వాళ్ళ అమ్మలకి వేరే పనులున్నాయి."



ఇన్సాఫ్ కుడిచేయి సాగుతుంది. వాళ్ళ ఆడవాళ్ళలో అది తరాలుగా వస్తున్నదే. పెద్ద ఎత్తున కాదు. మంచం మీంచి లేవకుండా ఉయ్యాల ఊపడానికి, పై అరలోంచి పంచదార డబ్బా అందుకోవడానికి, మెట్లు దిగి పారిపోతున్న పిల్ల జడ దొరకబుచ్చుకోవడానికి. మూడు మూరలు, మహా అయితే నాలుగు. అవతల పట్టుకున్నది వదలనంతసేపు సాగుతుంది, వదిలితే విసురుగా వెనక్కొచ్చేస్తుంది. సిద్దీగ్ వాళ్ళమ్మది ఇంకా ఘనం. నైలు నది అవతలి ఒడ్డున పేకాడుతున్న మొగుడి చెవి ఇవతలి ఒడ్డున రొట్టెలు కాలుస్తూనే మెలిపెట్టేదని ఆ పేటలో చెప్పుకునేవాళ్ళు.

ప్రయాణానికి ముందురోజు ఇన్సాఫ్ రెండు చేతులకీ నల్ల గోరింటాకు పెట్టుకుంది. యుద్ధం మొదలైన ఏడాదిన్నరలో అదే మొదటిసారి. సిద్దీగ్ అది చూసి, ఆ రోజు గిన్నెలన్నీ తనే తోమాడు.

"ఒక్కటే షరతు," అంది ఇన్సాఫ్ రైల్లో. "హోటలు గది తలుపు దాటింది మొదలు వియాం నా చేయి వదలకూడదు."

"నేనేమైనా రీమ్‌నా?" అంది వియాం.

"రీమ్‌వైతే ఎత్తుకునేదాన్నే. ఈ గొడవ ఉండేది కాదు."

*

మర్నాడు మధ్యాహ్నం గంట బురుజు దగ్గర్నుంచి నగారా బురుజు వైపు బయల్దేరారు. ఆ బురుజు కింద సొరంగంలాంటి దారి దాటితే ముసల్మానుల వీధి. మాంసం పులుసులో రొట్టె ముక్కలు నానబెట్టుకు తినొచ్చని సిద్దీగ్ ఊరిస్తూ తీసుకెళ్ళాడు. మామూలు రోజుల్లో అయిదు నిమిషాల నడక. ఆ రోజు ముప్పావుగంట పట్టింది.

జనం నడవడం లేదు. జనాన్ని జనం నడిపిస్తున్నారు. ముందు వీపు, వెనక పొట్ట, రెండు పక్కలా మోచేతులు. ఎవరి పాదాలు ఎక్కడున్నాయో ఎవరికీ కనపడదు. ఇన్సాఫ్ ఒంటికి చీరలా చుట్టుకున్న తోబ్ కొంగుని ఎవరో ఒకరు తొక్కుతూనే ఉన్నారు. రీమ్ తండ్రి భుజాల మీద కూర్చుని అందరి తలలూ తబలాలా వాయిస్తోంది. ఇన్సాఫ్‌కి మాత్రం ఊపిరి సగం దాకా వెళ్ళి ఆగిపోతోంది. ఇంతమందిలో ఒక మనిషి పడితే ఏమవుతుంది? లేవగలరా? ఎవరైనా చూస్తారా? ఆమె కళ్ళు పక్కల ఎక్కడ ఖాళీ ఉందో వెతుకుతున్నాయి. ఎక్కడా లేదు.

"అమ్మా, చేయి చెమట పట్టింది. ఒక్క నిమిషం వదులు, తుడుచుకుంటా."

"నా తోబ్‌కి తుడుచుకో, రెండో చేత్తో."

"చెమట పట్టింది ఈ చేయి."

"పట్టనీ. చెమటకి ఎవరూ చావలేదు."

బురుజు దగ్గర పోలీసులు చేతికి చేయి తగిలించి గోడ కట్టి నిలబడ్డారు. విడతకి ఇంతమందని లోపలికి వదలడం, గోడ మూయడం, కాసేపాగి మళ్ళీ తెరవడం. వీళ్ళ వంతు వచ్చింది. వెనకనుంచి ఒక్క తోపు వచ్చింది. వియాం ముందుకి వెళ్ళిపోయింది. ఇన్సాఫ్ ఒక అడుగు వేసేలోపు గోడ మూసుకుంది.

ఇద్దరు పోలీసుల మోచేతుల సందులోంచి ఆమె కుడిచేయి అటు ఉండిపోయింది. మనిషి ఇటు ఉండిపోయింది.

"అమ్మా!"

"వదలకు! వియాం, వదలకు!"

అవతలి జనం ఆగలేదు. వియాం పసుపుపచ్చ రిబ్బను నాలుగు తలల అవతల కనిపించింది. తరవాత పది తలల అవతల. తరవాత సొరంగం చీకట్లో కలిసిపోయింది. చేయి సాగింది. మూడు మూరలు, నాలుగు, పది. అంత సాగుతుందని ఇన్సాఫ్‌కే తెలియదు. మోచేతి దగ్గర చర్మం కాలినట్టు మండింది.

సిద్దీగ్ గోడ దగ్గరున్న నీలం కోటు వాలంటీరు మీద పడ్డాడు. "అమ్మాయ్, మా పాప లోపలుంది! మమ్మల్ని వదులు!"

ఆ అమ్మాయి చేయి వంక చూసి, చేతిలో ఉన్న కాగితం వంక చూసింది. "చేయి వెళ్ళొచ్చన్నా. మనిషి తరవాతి విడతలో."

"చేయీ మనిషీ ఒకటే కదమ్మా!"

"నాకు తెలియదా? కానీ పైవాళ్ళు చెప్పింది తలల లెక్క. చేతికి తల లేదు కదా. పన్నెండు నిమిషాలు ఓపిక పట్టండి." అని బూర నోటి దగ్గర పెట్టుకుంది. "ఎడమపక్కన చేయి వెళ్తోంది. చూసుకుని నడవండి. తొక్కకండి. ఫొటోల కోసం ఆగకండి."

అవతలి జనం ఆ చేతిని బట్టలారేసుకునే తాడు ఎత్తినట్టు ఎత్తి, కింద నుంచి దూరి వెళ్తున్నారు.

వియాం చేతికున్న ఫోను గడియారానికి కాల్ చేశాడు సిద్దీగ్. ఒకసారి మోగి తెగిపోయింది. అంతమంది ఒక్కచోట ఫోన్లు పట్టుకుంటే ఎవరికీ ఏదీ కలవదు. మళ్ళీ చేశాడు. మళ్ళీ తెగింది.

ఇన్సాఫ్ కళ్ళు మూసుకుంది. ఇప్పుడు ఆమెకి ఉన్న కన్నూ చెవీ ఆ అరచేయే. వియాం వేళ్ళు గట్టిగా నొక్కాయి. ఉన్నాను అన్నట్టు. చల్లటి ఇనప కమ్మీ ఏదో తగిలింది. తరవాత ఆవిరి. తరవాత ఎవరిదో ఉన్ని కోటు. చేయి నెమ్మదిగా ముందుకు పోతోంది, జనం ఎంత నెమ్మదిగా పోతారో అంత నెమ్మదిగా. ఆమెకి కాస్త ఊపిరి ఆడింది.

అంతలో చేయి కుడివైపు తిరిగింది. వేగం పెరిగింది. అది నడక కాదు.

"పరిగెడుతోంది," అంది ఇన్సాఫ్.

"ఏంటి?"

"సిద్దీగ్, అది పరిగెడుతోంది. ఎందుకు పరిగెడుతోంది?"

అతను భుజాల మీది రీమ్‌ని కిందికి దించి గుండెలకి అదుముకున్నాడు.

*

గోడ తెరుచుకోగానే ఇన్సాఫ్ ఎవరినీ చూడలేదు, ఎవరి కాళ్ళనీ చూడలేదు. చేతి వెంట పడింది. ఆమె నడిచినంత మేరా చేయి వెనక్కి ముడుచుకుంటోంది, నూతి తాడు చుట్టుకున్నట్టు. వెనక సిద్దీగ్ అరుస్తున్నాడు, "దారి! దారివ్వండి! చేయి వెంట వెళ్తున్నాం!" జనం పక్కకి ఒత్తిగిల్లి దారిచ్చారు.

పెర్సిమన్ పళ్ళ అప్పాలు వేయించే ఆవిడ బండి మీంచి చేయి పోయింది. ఆవిడ దానికింద తడిబట్ట మడతపెట్టి ఉంచింది.

"మూకుడు పక్కనే ఉంది కదా, కాలుతుందని పెట్టాను చెల్లెమ్మా. నీ పిల్ల ఇటే పోయింది," అంది ఆవిడ సందు వైపు గరిట చూపిస్తూ. "ఎవరినో తరుముతున్నట్టు పోయింది."

"ఏమంటోంది?" అంది ఇన్సాఫ్. కూరగాయల బేరానికి సరిపడా తప్ప ఆమెకి ఆ భాష రాదు.

"ఇటే వెళ్ళిందట," అన్నాడు సిద్దీగ్. అంతవరకే చెప్పాడు.

సందులో జనం పలచబడ్డారు. ఇంకో మలుపు తిరిగేసరికి ఇంకా పలచబడ్డారు. ఎక్కడివాళ్ళక్కడ తలుపులేసుకుని ఉన్నారు. గోడవారగా నిలబెట్టిన స్కూటర్లు, ఒక పిల్లి, నేలమీద ఎవరో విసిరేసిన దానిమ్మ తొక్కలు. వీటన్నిటి మధ్య తన చేయి సన్నగా, చూపుడువేలంత లావున, గాల్లో తిన్నగా లాగినట్టు పోతోంది. అంతసేపూ జనాన్ని చూసి భయపడ్డ ఇన్సాఫ్, ఆ ఖాళీ సందుని చూసి ఇంకా భయపడింది. ఇక్కడికి ఎందుకొచ్చింది ఈ పిల్ల? ఎవరు తెచ్చారు?

అప్పుడు అరచేతిలో ఏదో జరిగింది. వియాం వేళ్ళు కదిలాయి. పట్టు జారింది. కానీ చేయి వెనక్కి కొట్టుకు రాలేదు. మళ్ళీ అరచేతిలోకి చేయి వచ్చింది. జిగటజిగటగా, చాలా చిన్నగా.

వియాం చేయి ఇంత చిన్నదా? భయపడితే పిల్లలు చిన్నబోతారు. చేతులు కూడా చిన్నబోతాయి కాబోలు అనుకుంది ఇన్సాఫ్. ఇంకోలా అనుకోవడానికి ఆమెకి ధైర్యం లేకపోయింది.

పది అడుగులు వేసిందో లేదో, ఇంకో చేయి తగిలింది. పెద్దది. మోటుది. గోళ్ళున్నది. అది ఆమె చిటికెన వేలిని పట్టుకుని పైకి లేపింది.

ఇన్సాఫ్ సందు మధ్యలో నిలబడిపోయింది.

"ఎవడో నా వేళ్ళు విప్పుతున్నాడు."

సిద్దీగ్ రీమ్‌ని ఎత్తుకునే పరుగందుకున్నాడు. ఇన్సాఫ్ కూడా పరిగెత్తింది. తోబ్ జారిపోయి మెడకి చుట్టుకుంది. అవతల, ఇంకెంత దూరమో తెలియని చోట, ఆ మోటు వేళ్ళు ఆమె చిటికెన వేలిని వెనక్కి వంచుతున్నాయి. వంచీ వంచీ విరిచేశాయి. టప్‌మన్న చప్పుడు అంత దూరం నుంచి ఆమె ఎముకల్లో వినపడింది. ఆమె కేక పెట్టింది కానీ మిగతా నాలుగు వేళ్ళూ బిగించింది. వాడు ఉంగరం వేలి మీదికి వచ్చాడు. ఆ చిన్న చేతిని ఇంకా లోపలికి లాక్కుని, పిడికిలి మూసింది. పుట్టబోయే బిడ్డని కడుపు ఎలా మూసి ఉంచుతుందో అలా.

"దేవుడా, దేవుడా, దేవుడా," అంటోంది. పక్కనెవరూ లేరు. సిద్దీగ్ చాలా ముందుకు వెళ్ళిపోయాడు.

ఉన్నట్టుండి ఆ మోటు చేయి మాయమైంది. లాగుడు లేదు, తోపు లేదు. ఆ చిన్న చేయి మాత్రం ఆమె పిడికిట్లో పిచ్చుకలా కొట్టుకుంటోంది.

*

సందు చివర చిన్న ఖాళీ స్థలం. నాలుగు కార్లు, ఒక తెల్ల వ్యాను నిలబడి ఉన్నాయి. ఓ మూల మట్టిపొయ్యిలో రొట్టెలు కాల్చే ముసలాయన ఉన్నాడు. తెల్ల టోపీ, మూరెడు గడ్డం. పేరు బై. పదిపన్నెండు మంది గుండ్రంగా మూగి ఉన్నారు. వాళ్ళని తోసుకుని ఇన్సాఫ్ లోపలికి వెళ్ళింది.

తన చేతి చివర ఎర్రకోటు వేసుకున్న పిల్ల నిలబడి ఉంది. నాలుగేళ్ళుంటాయి. రెండు పిలకలు. ముక్కు కారుతోంది. పిప్పరమెంటు పాకం గడ్డానికి అంటి ఉంది. ఎప్పుడూ చూసిన పిల్ల కాదు.

ఇన్సాఫ్ ఆ పిల్ల ముఖం చూసింది. తన చేయి చూసింది. వాచిపోయి పక్కకి వేలాడుతున్న చిటికెన వేలు చూసింది. చుట్టూ చూసింది. పసుపుపచ్చ రిబ్బను ఎక్కడా లేదు.

"ఇది నా బిడ్డ కాదు," అంది. తన భాషలో అంది. ఎవరికీ అర్థం కాలేదు. "సిద్దీగ్, ఇది నా బిడ్డ కాదు! నా బిడ్డేది? వియాం! వియాం!"

ఆ అరుపుకి రీమ్ ఏడుపు లంకించుకుంది. సిద్దీగ్ ఆ మూలకీ ఈ మూలకీ పరిగెత్తి కార్ల కిందికి కూడా వంగి చూశాడు. తెల్ల వ్యాను తలుపు లాగాడు. రాలేదు. అద్దానికి కళ్ళు ఆనించి చూశాడు. ఖాళీ.

ఆ క్షణంలో ఇన్సాఫ్ పిడికిలి విప్పబోయింది. ఇంతదూరం తప్పుడు దారిలో తీసుకొచ్చిన ఆ చేతిని విదిలించేసి, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాలనుకుంది. ఈ మాట తరవాత ఎప్పుడూ మొగుడికి కూడా చెప్పలేదు. వేళ్ళు నిజంగానే కొంచెం విప్పింది. కానీ పిల్ల వదల్లేదు. రెండో చేత్తో కూడా ఆమె మణికట్టు పట్టుకుని, తల వంచి, ఆ నల్ల గోరింటాకు మీద ముఖం దాచుకుంది.

"అస్సలాము అలైకుం తల్లీ," అన్నాడు బై తాత. ఆ ఒక్కమాట ఆమెకి తెలిసిన మాట. మిగతాది సిద్దీగ్‌కి చెప్పాడు. "మీ పెద్దపిల్ల పసుపుపచ్చ రిబ్బనుదేనా? క్షేమంగా ఉంది. పోలీసుల కోసం అవతలి సందులోంచి పరిగెత్తింది. తాతా, ఈ పిల్లని చూస్తూ ఉండు, మా అమ్మ చేయి ఉంది, ఏం కాదు, అని నాకు చెప్పి మరీ పోయింది."

సిద్దీగ్ అది ఇన్సాఫ్‌కి చెప్పాడు. ఆమె నమ్మలేదు. నమ్మనట్టే నిలబడి ఆ సందు వైపు చూస్తోంది. ఎంతసేపు చూసిందో. బై తాత పొయ్యిలో రొట్టెలు మాడిపోయాయి, ఆయన తీయలేదు.

చివరికి సందు మలుపులో రిబ్బను కనపడింది. వియాం ఒక పోలీసావిడ చొక్కా చేయి పట్టుకుని లాక్కొస్తోంది. "త్వరగా పిన్నీ, త్వరగా! వాడు వెళ్ళిపోతాడు!" అంటోంది.

ఇన్సాఫ్‌కి కొట్టాలనిపించింది. గుండెలకి హత్తుకోవాలనిపించింది. కుడిచేయి ఇంకా పూర్తిగా ముడుచుకోక నాలుగు చుట్లు నేలమీద పడి ఉంది, దాని చివర ఇంకెవరి పిల్లో ఉంది. ఎడంచేత్తోనే కూతుర్ని పట్టుకుంది. జుట్టు, చెవులు, భుజాలు, వీపు, అన్నీ తడిమి చూసింది.

"ఎందుకు వదిలేశావే? వదలొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఎందుకు వదిలేశావు?"

"వదల్లేదమ్మా," అంది వియాం రొప్పుతూ. "ఇచ్చాను."

తరవాత ఆగి ఆగి చెప్పింది. వీధిలో జనం తనని తోసుకుపోతుంటే, నల్ల టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఈ పిల్లని నడిపించుకుపోవడం చూసింది. పిల్ల నాయనమ్మ కావాలని ఏడుస్తోంది. ఎవరో ముసలావిడ ఆపి అడిగితే, "నా కూతురే, బొమ్మ కొనలేదని మారాం," అన్నాడతను. ఆ వెంటనే పిల్ల అతన్ని "అంకుల్, నాయనమ్మేది?" అని అడిగింది.

"కూతురైతే అంకుల్ అని ఎందుకంటుందమ్మా? అది నాకొక్కదానికే వినపడింది. అందరికీ చెప్దామంటే అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. అందుకని వెనకే వెళ్ళా. వాడు సందుల్లోకి తిరిగాడు. ఇక్కడికొచ్చి ఫోను మాట్లాడుతున్నాడు, రెండో చేత్తో వ్యాను తలుపు తీయబోయాడు. పిల్ల చేయి వదిలాడు, ఒక్క నిమిషమే. అప్పుడు నీ చేయి దానికిచ్చేశా. నేను పట్టుకుని అక్కడే ఉంటే ఇద్దరం ఉండేవాళ్ళం. పోలీసుల్ని ఎవరు పిలుస్తారు?"

"నీకేమైనా అయ్యుంటే?"

"నాకు నలుగురికీ విప్పి చెప్పడం వచ్చు కదమ్మా. దానికింకా రాదు."

బై తాత మిగతాది పోలీసావిడకి చెప్పాడు. ఆ మనిషి తిరిగి చూసేసరికి పిల్ల ఒక చేయి పట్టుకుని ఉంది. సందులోంచి వచ్చిన చేయి. లాగితే రాలేదు. వేళ్ళు విప్పబోయాడు, విరిచాడు, అయినా రాలేదు. "ఎవరు బాబూ నువ్వు?" అని తాత రొట్టెలు తీసే పట్టుకారుతో వచ్చాడు. "నా కూతురు," అన్నాడతను.

"అలాగా, మరి ఈ గోరింటాకు చేయి ఎవరిదయ్యా అనడిగాను," అన్నాడు తాత. "వాడికి నోరు పెగల్లేదు. అత్తదని చెప్పచ్చు, అమ్మదని చెప్పచ్చు, ఏదో ఒకటి చెప్పచ్చు కదా. ఏమీ తోచలేదు వాడికి. ఇంతలో నలుగురూ పోగయ్యారు. గోడ దూకి పోయాడు."

వ్యాను నంబరు పోలీసావిడ రాసుకుంది. ఆ మనిషి దొరికాడో లేదో సిద్దీగ్ వాళ్ళకి తరవాత ఎప్పుడూ తెలియలేదు. నల్ల టోపీ పెట్టుకున్న వాళ్ళు షియాన్‌లో ఆ రోజు ఎంతమందో.

*

పిల్ల పేరు యాయా అట. వాళ్ళ నాయనమ్మ అరగంటకి వచ్చింది. గాన్సు కొండల్లో ఎక్కడో ఊరు. కొడుకూ కోడలూ దక్షిణాన ఫ్యాక్టరీలో పనిచేస్తారు, సెలవు దొరకలేదు. పిల్ల పట్నం చూస్తానంటే తీసుకొచ్చిందావిడ. వంగిపోయిన నడుం, ఎండి చిట్లిన చెంపలు. ఒక కాలికి చెప్పు లేదు, ఆ గుంపులో ఎక్కడో పోయింది. ఏడవడం లేదు. ఏడ్చే దశ దాటిపోయినట్టుంది.

నాయనమ్మని చూడగానే యాయా ఇన్సాఫ్ చేయి వదిలేసింది. అలా వదలగానే మిగిలిన చుట్లు చటుక్కున వెనక్కొచ్చాయి. ఆ విసురుకి ఇన్సాఫ్ రెండడుగులు తూలి గోడకి ఆనుకుంది. అరచేతిలో పాకం జిగట మిగిలింది.

ముసలావిడ పిల్లని ఎత్తుకోలేదు ముందు. కింద కూలబడి, తన కుడిచేతిని తనే ఎడంచేత్తో కొట్టుకోవడం మొదలుపెట్టింది. "సాగలేదు! ఎంత చాపినా సాగలేదు! ముసలిదైపోయింది, ఎండిపోయింది, పనికిరాదు ఇది," అంటోంది.

వియాం ఆ మాటలు తల్లికి చెప్పింది. ఇన్సాఫ్ వచ్చి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. కొట్టుకుంటున్న ఆ చేతిని పట్టుకుని ఆపింది. కైరో దారిలో పోర్ట్ సూడాన్ రేవులో తన చెల్లెలు పడవ దొరక్క మూడురోజులు నిలబడ్డప్పుడు, యిన్‌చువాన్ వంటింట్లో కిటికీలోంచి తనూ ఇలాగే చేయి చాపింది. ఎదురింటి గోడ దాకా కూడా పోలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"మన తప్పు కాదమ్మా," అంది చివరికి, తన భాషలోనే. ముసలావిడ అర్థమైనట్టు తలూపింది.

బై తాత మాడని రొట్టెలు ఏరి కాగితాల్లో చుట్టి తలా ఒకటి ఇచ్చాడు. పోలీసావిడ ఇన్సాఫ్ వేలికి పుల్ల పెట్టి కట్టు కట్టి, ఆసుపత్రికి ఎటు వెళ్ళాలో వియాంకి చెప్పింది. వియాం రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుంది.

నాయనమ్మ మనవరాల్ని వీపు మీదికి ఎక్కించుకుంది. మెడలోని శాలువా తీసి ఇద్దరి చుట్టూ తిప్పి ముందు రెండు ముళ్ళు వేసింది. మూడోది కూడా వేసింది. పోలీసావిడ వాళ్ళని బస్సు దాకా దిగబెడతానని వెంట నడిచింది. యాయా వెనక్కి తిరిగి చూడలేదు. రొట్టె తింటోంది. సందు మలుపు దాకా ఎర్రకోటు కనపడింది, తరవాత కనపడలేదు.

ఆ సాయంత్రం ఆ పిల్ల బస్సులో నాయనమ్మ ఒళ్ళో నిద్రపోయింది. బాగా పొద్దుపోయాక ఊళ్ళో దిగింది. తన ఇంటికే వెళ్ళింది, తన గిన్నెలోనే తాగింది, తన మంచం మీదే పడుకుంది. మరుసటి ఏడు బడిలో వేశారు. పళ్ళూడాయి, కొత్తవి వచ్చాయి. తల్లిదండ్రులు కొత్త సంవత్సరానికి ఇంటికొస్తే, వాళ్ళెవరో గుర్తుపట్టనట్టు కాసేపు తలుపు వెనక దాక్కుంది. తరవాత బయటికొచ్చింది. అంతే జరిగింది. అంతకంటే ఏమీ జరగలేదు.